ఆటగాళ్లు తన గురించి ఏమనుకుంటున్నారో బేస్‌బాల్ అంపైర్ పట్టించుకోవాలా?

తనంటే ఇష్టమా కాదా అన్నది అనవసరం. ఏ విషయంలో సణుగుతున్నారో మాత్రం చెవిన వేసుకోవాలి.

బ్యాటర్ పక్కన నేలలో ఉండే పలక, హోమ్ ప్లేట్, వెడల్పు 17 అంగుళాలు. బ్యాటర్ కొట్టకుండా వదిలిన బంతి దాని మీదుగా స్ట్రైక్ జోన్‌లోంచి పోతే స్ట్రైక్, లేకపోతే బాల్. స్ట్రైక్ జోన్ కింది హద్దు మోకాలిచిప్ప కింది గుంట, పై హద్దు భుజాలకీ ప్యాంటు పై అంచుకీ నడిమధ్య. రూల్‌బుక్ ఇంత స్పష్టంగా చెప్పినా ఒక్కో అంపైర్ జోన్ కాస్త అటూ ఇటూ ఉంటుందని ఆటగాళ్లకు తెలుసు, దానికి సర్దుకుంటారు కూడా. మొదటి ఇన్నింగ్స్‌లో స్ట్రైక్ ఇచ్చిన బంతినే ఏడో ఇన్నింగ్స్‌లో బాల్ అంటేనే మండిపోతుంది. క్రికెట్‌లో వైడ్ గీత ఓవర్‌కో చోటికి జరిగితే ఎలా ఉంటుందో అలా.

ఒక్క బ్యాటర్ గొణిగితే వదిలేయండి. రెండు జట్ల క్యాచర్లూ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాళ్లు) "బయటి కింది మూలకి ఇవాళ స్ట్రైక్ దొరకట్లేదు" అంటే మీరు నిలబడే తీరు చూసుకోండి. క్యాచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య సందులో, తల జోన్ పై హద్దుకు తగ్గకుండా ఉండాలి. అలసటతో తల కిందికి జారితే క్యాచర్ అడ్డొచ్చి సరిగ్గా ఆ మూలే కనబడదు. రెండో కారణం తొందర: బంతి గ్లవ్‌లో పడ్డాక ఒక్క క్షణం ఆగి నిర్ణయం చెప్పండి. తప్పు నిర్ణయం ఇచ్చారని తెలిస్తే తర్వాతి బంతితో లెక్క సరిచేయకండి, అప్పుడు రెండు తప్పులవుతాయి.

మాట ఎలా వచ్చిందన్నదీ ముఖ్యమే. అనుభవమున్న క్యాచర్ మొహం పిచ్చర్ (బంతి విసిరేవాడు) వైపే ఉంచి, పెదవి కదిలీ కదలనట్టు "అది జోన్‌కి తగల్లేదా?" అంటాడు. "కొంచెం బయటికి" అని మీరు ఒక్క మాట అంటే చాలు. వెనక్కి తిరిగి చేతులు చాచేవాడు ప్రేక్షకుల కోసం మాట్లాడుతున్నాడు. మీరు స్పందించే వరస ఇది: విననట్టుండటం, ముక్తసరి జవాబు, హెచ్చరిక, ఆపైన ఆట నుంచి బయటికి పంపడం. "ఆ బంతి బయటికి పోయింది" అంటే భరించవచ్చు, "నువ్వు" అని మొదలైతే కాదు. బంతి ఎటు పోయిందో బ్యాట్‌తో మట్టిలో గీత గీసి చూపిస్తే హెచ్చరిక కూడా అక్కర్లేదు, బయటికే. వేడి చల్లారాలంటే మైదానానికి వీపు పెట్టి నెమ్మదిగా ప్లేట్ తుడవండి.

(అమెరికాలో పిల్లల లీగుల్లో ప్లేట్ వెనక నిలబడే మన నాన్నలకు: అక్కడ గొంతంతా తల్లిదండ్రులదే. అది లెక్కలోకి రాదు.)

2010 జూన్ 2న డెట్రాయిట్‌లో పిచ్చర్ అర్మాండో గలరాగా పర్ఫెక్ట్ గేమ్‌కు (ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వని మ్యాచ్) ఒక్క అవుట్ దూరంలో ఉండగా, మొదటి బేస్ దగ్గర అంపైర్ జిమ్ జాయిస్ అవుటైన రన్నర్‌ను సేఫ్ (నాటౌట్) అన్నాడు. రీప్లే చూసి తప్పు తనదేనని దాచకుండా ఒప్పుకున్నాడు. అదే నెలలో ఈఎస్‌పీఎన్ పత్రిక 100 మంది ఆటగాళ్లను అడిగితే, సగానికి పైగా ఉత్తమ అంపైర్‌గా చెప్పింది అతని పేరే. ఏళ్లుగా చూసిన నిలకడను ఒక్క తప్పు నిర్ణయం చెరిపేయలేదు. అయితే ఒప్పుకోవడం ఒక్కసారికే పనిచేస్తుంది, ఇన్నింగ్స్‌కోసారి "సారీ" అంటే జోన్ మీద నమ్మకం పోతుంది.

2026 నుంచి అమెరికా మేజర్ లీగ్‌లో పిచ్చర్, క్యాచర్, బ్యాటర్ తల తట్టి బాల్, స్ట్రైక్‌లను సవాలు చేయవచ్చు. మ్యాచ్‌కి జట్టుకు రెండు, నెగ్గితే సవాలు మిగిలే ఉంటుంది. దాన్ని అవమానంగా తీసుకోకండి. నిర్ణయం మారితే ముందు చేతిలోని ఇండికేటర్ (లెక్క పెట్టుకునే పరికరం) సరిచేసి, కొత్త కౌంట్ (బాల్, స్ట్రైక్‌ల లెక్క) వేళ్లతో పైకెత్తి చూపించండి. సవాలు చేసినవాడి మొహం వైపు చూడనక్కర్లేదు.