ఆరు నెలల గబ్బిలాల ఉద్యోగమా, 35 లక్షల విదేశీ చదువా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ పూర్తి చేసింది. గబ్బిలాల మీద పరిశోధన చేసే ఒక బృందం డిసెంబరు నుంచి మే వరకు ఫీల్డ్ అసిస్టెంటుగా రమ్మంటోంది. నెలకు 22 వేలు ఇస్తారు, వసతి వాళ్లదే. పనంతా రాత్రిపూట, కోటల్లో, గుహల్లో, పాడుబడిన బావుల దగ్గర. బ్రిటన్‌లో ఏడాది ఎమ్మెస్సీ చేస్తే అక్కడ గబ్బిలాల సర్వే ఉద్యోగాలు బాగా దొరుకుతాయని ఒక ఏజెంటు చెబుతున్నారు. 35 లక్షలవుతుంది, పొలం తనఖా పెడితే సర్దగలం. ఆరు నెలల కూలీ ఉద్యోగం కన్నా అదే నయం కదా? సంబంధాలు కూడా చూస్తున్నాం. ప్రస్తుతానికి బంధువులకు గ్రూప్స్‌కు చదువుతోందని చెప్పాం. రెండింటినీ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకరికి సముద్ర తాబేళ్లు, ఒకరికి పక్షులు, మీ ఇంట్లో గబ్బిలాలు. జంతువు మారుతుంది కానీ ఉత్తరం అడుగున ఉండే దిగులు మాత్రం ఒక్కటే: ఆరు నెలలు గడిచాక పిల్ల ఏమవుతుంది, ఈలోగా నలుగురూ ఏమనుకుంటారు? మీరు అడిగిన పోలిక చెబుతాను. అయితే మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు కలిగిన మొదటి అభిప్రాయాన్ని దాచుకోలేను. భయపడవలసిన చోట మీరు ధైర్యంగా ఉన్నారు, ధైర్యంగా ఉండవలసిన చోట భయపడుతున్నారు. పిల్ల నాలుగు రాత్రులు కోట గోడల దగ్గర నిలబడుతుందంటే మీకు నిద్ర పట్టడం లేదు. తాతల నాటి పొలం తనఖాకు వెళుతుందంటే మాత్రం ‘సర్దగలం’ అని ఒక్క మాటలో తేల్చేశారు.

ముందు బ్రిటన్ సంగతి చూద్దాం. ఏజెంటు చెప్పిన దాంట్లో సగం నిజముంది, ఆ సగమే ప్రమాదకరం. బ్రిటన్‌లో ఉన్న 18 జాతుల గబ్బిలాలకూ, అవి నివసించే చోట్లకూ 1981 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ కల్పించింది. అందువల్ల గబ్బిలాలు ఉండే అవకాశమున్న పాత ఇంటి పైకప్పు విప్పాలన్నా, కొట్టం కూల్చాలన్నా అనుమతికి ముందు సర్వే చేయించవలసి వస్తుంది. ఆ సర్వేలకు మే నుంచి సెప్టెంబరు వరకే అదను. సూర్యాస్తమయానికి పావుగంట ముందు మొదలుపెట్టి, ఆ తర్వాత గంటన్నర, రెండు గంటలపాటు ఒకే గోడకు ఎదురుగా కూర్చొని ఎన్ని గబ్బిలాలు బయటికి వచ్చాయో, ఏ జాతివో వాటి చప్పుడును పసిగట్టే డిటెక్టరుతోనూ చీకట్లో చూపే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతోనూ నమోదు చేస్తారు. ఈ పనికి పర్యావరణ కన్సల్టెన్సీలు ఏటా వేసవిలో మనుషులను తీసుకుంటాయి. ఇంతవరకు ఏజెంటు మాట నిజమే.

ఆయన చెప్పని మాట నెలల లెక్కలో ఉంది. కోర్సు సెప్టెంబరులో మొదలై మళ్లీ సెప్టెంబరులో ముగుస్తుంది. మధ్యలో వచ్చే సర్వే సీజను సరిగ్గా ప్రాజెక్టు రిపోర్టు రాసే కాలం, అప్పటికి విద్యార్థి వీసా మీద వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. చదువు ముగిసేసరికి ఆ సీజను కూడా ముగిసిపోతుంది, తర్వాతి మే నెల వరకు ఎనిమిది నెలలు ఆగాలి. చదువు తర్వాత ఉద్యోగం కోసం ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇదివరకు రెండేళ్లు ఉండేది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలే. ఫలితాలు వచ్చి, వీసా చేతికి అందేసరికి డిసెంబరు అవుతుందనుకుంటే మీ అమ్మాయికి దక్కేది ఒక పూర్తి సీజను, రెండవదాని మొదటి నెల. ఆపైన అక్కడే ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. దానికి సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం చూపించాలని 2025 జులైలో నిబంధన మారింది. అయిదు నెలల సర్వే పని ఇచ్చే కంపెనీ ఆ జీతానికి స్పాన్సరు చేస్తుందని ఆశించడం అత్యాశే. ‘సీజనల్ వర్కర్ వీసా ఉంది కదా’ అని ఎవరైనా అంటే నమ్మకండి, అది తోటల్లో పంట కోతకూ కోళ్ల పరిశ్రమకూ ఉద్దేశించినది. పైగా గబ్బిలాలను చేత్తో పట్టుకోవాలన్నా, వాటి నివాసంలోకి వెళ్లి కదిలించాలన్నా అక్కడ విడిగా లైసెన్సు ఉండాలి. దానికి అర్హత రావాలంటే లైసెన్సున్న నిపుణుల దగ్గర సీజన్ల తరబడి శిక్షణ పొందాలి. ఆ సీజన్లు ఆమెకు ఎక్కడివి? జూన్ నెలలో అక్కడ సూర్యుడు అస్తమించేది రాత్రి తొమ్మిది దాటాక. పల్లెల్లో సర్వే ముగించుకొని అర్ధరాత్రి తిరిగిరావాలంటే బస్సులుండవు కనుక సొంత కారు, డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవారే కావాలని చాలా ప్రకటనల్లో అడుగుతారు. ఇక్కడ రాత్రి పనికి వద్దంటున్న మీరు, అక్కడ అదే రాత్రి పనికి 35 లక్షలు కట్టి పంపాలనుకుంటున్నారు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఇలాంటి ఉత్సాహంతోనే వచ్చిన ఒక అబ్బాయికి విదేశీ కోర్సు మంచిదేనని నేను తల ఊపాను. కోర్సులో చెప్పిన చదువు నిజంగా బాగుంది, పిల్లవాడూ కష్టపడ్డాడు. కానీ వీసా గడువు ముగిసి తిరిగి వచ్చాక అప్పు వాయిదాల కోసం పర్యావరణంతో సంబంధం లేని ఉద్యోగంలో చేరవలసి వచ్చింది. వాళ్ల నాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధగా ఉంది. విదేశీ చదువుకు నేను వ్యతిరేకిని కాను. స్కాలర్‌షిప్పు మీద వెళ్లే పిల్లలను దగ్గరుండి పంపించాను. పొలం తాకట్టు మీద, సీజను ఉద్యోగాన్ని నమ్ముకొని వెళ్లడం మాత్రం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు మీరు కూలీ ఉద్యోగమన్న పని దగ్గరికి వద్దాం. ఒకసారి ఇలాంటి బృందం పని చూడడానికి నేను వెళ్లాను. ఒక జామతోట అంచున పొద్దు వాలకముందే రెండు గడకర్రల మధ్య జుట్టులా సన్నని దారాల వల కట్టి, ప్రతి కొన్ని నిమిషాలకూ వెళ్లి చూసి వస్తున్నారు. పొట్టిముక్కు పండ్ల గబ్బిలం ఒకటి చిక్కింది. మీ అమ్మాయి వయసే ఉన్న ఒక పిల్ల చేతి తొడుగులతో దాని రెక్క వేళ్లను ఒక్కొక్క దారం నుంచీ విడిపిస్తుంటే, పక్కనున్న కుర్రవాడు హెడ్‌ల్యాంపు వెలుతురు దాని కళ్లలో పడకుండా పక్కకు తిప్పి పట్టుకున్నాడు. గుడ్డసంచిలో పెట్టి స్ప్రింగ్ త్రాసుకు తగిలించి 46 గ్రాములని, వెర్నియర్ కాలిపర్స్‌తో ముంజేయి కొలిచి 70 మిల్లీమీటర్లని పుస్తకంలో రాసుకున్నారు. ఆడదా మగదా, చూలుతో ఉందా, పళ్లు అరిగాయా అన్నవి చూసి, డ్రాపరుతో రెండు చుక్కల చక్కెర నీళ్లు తాగించి వదిలేశారు. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పిల్ల చేతుల్లోని నిదానం చూశాక, దీన్ని కూలీ పని అనడానికి నాకు నోరు రాదు.

అయితే వల పట్టడం ఈ పనిలో చిన్న భాగం. పురుగులు తినే గబ్బిలాలు చేసే చప్పుడులో అధికభాగం మన చెవికి అందే హద్దు అయిన 20 కిలోహెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. ఆ చప్పుళ్లను ఆడియోమాత్ వంటి చిన్న రికార్డర్లతో రాత్రంతా నమోదు చేసి, పగలు కంప్యూటరు ముందు కూర్చొని, తెర మీద గీతలుగా కనిపించే ఆ చప్పుళ్లలో ఏ గీత ఏ జాతిదో విడదీయాలి. ఆమె రేపటి బతుకుతెరువు ఉన్నది అక్కడే. ఆరు నెలల తర్వాత చేతిలో వేల రికార్డింగులను విశ్లేషించిన అనుభవం, గణాంకాల సాఫ్ట్‌వేరు మీద పట్టు, పర్యవేక్షకులు పేరు పెట్టి రాసే సిఫారసు లేఖ ఉంటే, పరిశోధన ప్రాజెక్టుల ఇంటర్వ్యూలో ఆమె మాట తూకమే వేరు. కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో కొత్తగా చేరే పరిశోధకులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్పును 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, దాని పైమెట్టు అయిన ఎస్‌ఆర్‌ఎఫ్‌ను 42 వేలు చేశారు, ఇంటి అద్దె భత్యం అదనం. వాటికి రాసే పరీక్షల వివరాలు మీ అమ్మాయికి నాకన్నా బాగా తెలుసు కనుక వాటి జోలికి వెళ్లను.

ఉన్నదున్నట్టు చెప్పాలి కనుక ఇదీ చెబుతాను. మన దేశంలో ‘గబ్బిలాల ఉద్యోగం’ అనే శాశ్వత కొలువు వెతికితే దొరకడం కష్టం. బ్రిటన్‌లో చట్టం సర్వేలను పుట్టించింది, ఇక్కడ పనంతా పరిశోధన ప్రాజెక్టుల చుట్టూనే తిరుగుతోంది. మీ జిల్లాలో కొండల మీద తిరిగే గాలిమరలనే చూడండి. అమెరికాలో గాలిమరల రెక్కలు తగిలి గబ్బిలాలు పెద్ద సంఖ్యలో చనిపోతున్నాయని తేలినా, మన దగ్గర పవన విద్యుత్ ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి కాదు. విదేశీ బ్యాంకులు అప్పిచ్చి షరతు పెట్టినచోట మాత్రం పక్షులు, గబ్బిలాల సర్వేకు మనుషులను పిలుస్తున్నారు. ఆ పని తెలిసినవారు తక్కువ కనుక పిలుపు వచ్చినప్పుడు అనుభవమున్నవారినే అడుగుతారు. పండ్లు తినే గబ్బిలాలను చాలాకాలం మన వన్యప్రాణి చట్టమే ఎలుకలు, కాకులతో పాటు హానికర జంతువుల జాబితాలో ఉంచింది. 2022 సవరణతో ఆ జాబితా పోయింది. ఈ రంగం ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది. మూడు, నాలుగేళ్లు ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు మారి, పీహెచ్‌డీలో చేరేవరకు ఆదాయం ఎగుడుదిగుడుగానే ఉంటుంది. ఆ కాలంలో ఆమె మీకు డబ్బు పంపలేకపోవచ్చు. కానీ అప్పు కూడా ఉండదు.

ఈ చదువు కోసం దూరదేశాలు పోనక్కర్లేదని చెప్పడానికి మీ చుట్టుపక్కల ప్రాంతాలే సాక్ష్యం. 1994లో శాస్త్రవేత్తలు కొత్త జాతిగా గుర్తించిన కోలార్ ఆకుముక్కు గబ్బిలం ప్రపంచం మొత్తంలో ఇప్పుడు కర్ణాటకలోని కోలార్ జిల్లా హనుమనహళ్లి దగ్గర ఒకే ఒక గుహలో మిగిలింది. రెండు వందలకు మించి లేని ఆ గుంపును గ్రానైట్ తవ్వకాలు అంచుకు నెట్టాయి. దాని మీద పనిచేసిన వారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన చేల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు ఉన్నారు. తెలుగునేల మీద ఉంటూనే ప్రపంచం చదివే పరిశోధన చేసినవారు వాళ్లు. బెంగళూరు ఎన్‌సీబీఎస్, డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ, హైదరాబాదులోని సీసీఎంబీ వారి లాకోన్స్ వంటి పరిశోధన సంస్థల్లో దరఖాస్తు పెట్టినప్పుడు ఆమెకు ఈ ఆరు నెలలు పనికివస్తాయి.

మీరు రాయకపోయినా మీ మనసులో గబ్బిలాల నుంచి మనుషులకు సోకే నిఫా వైరస్ భయం ఉండే ఉంటుంది. 2001లో సిలిగురిలో, 2018లో కోళికోడ్‌లో వచ్చిన ఆ వ్యాధి పేరు విన్న ఏ తండ్రి అయినా కంగారుపడతారు. పద్ధతిగా నడిచే బృందంలో గబ్బిలాన్ని ముట్టుకునే ప్రతివారూ చేతి తొడుగులు, మాస్కు వేసుకుంటారు, రెట్ట పేరుకుపోయిన గుహలోకి మాస్కు లేకుండా అడుగుపెట్టరు, రేబిస్ టీకా ముందుగానే వేయించుకుంటారు. ఈ జాగ్రత్తల గురించి అడిగితే తడబడే బృందమైతే నేనే పంపవద్దంటాను. రాత్రి పని విషయంలోనూ అంతే. ఒంటరిగా ఎవరినీ ఎక్కడికీ పంపకూడదు, బండి సిద్ధంగా ఉండాలి, ఊరి పెద్దలకు, పోలీసు స్టేషనుకు ముందే కబురు ఉండాలి. మీ అమ్మాయి కన్నా చిన్న వయసు పిల్లలు నర్సులుగా రాత్రి డ్యూటీలు చేస్తున్నారు, వాళ్ల తండ్రులకూ మీలాగే గుండె ఉంది.

ఇక సంబంధాల మాట. బంధువులకు గ్రూప్స్ అని చెప్పామని రాశారు. అన్నగారూ, కోపం తెచ్చుకోకండి, ఆ అబద్ధం విన్నది బంధువులు మాత్రమే కాదు. తాను ఇష్టపడి నేర్చుకున్నది నాన్న నోట పలకడానికి కూడా తగనిదని మీ అమ్మాయి ప్రతి పెళ్లిలోనూ, ప్రతి పండగకూ వింటోంది. ఇంట్లోకి గబ్బిలం వస్తే అరిష్టమని మనం పెరిగాం, ఆ జంకు మీలో ఉండడంలో తప్పు లేదు. కానీ ఇప్పచెట్టు పువ్వుల మధ్య పుప్పొడి మోసేదీ, పొలాల మీది పురుగులను రాత్రంతా తినేదీ ఆ గబ్బిలమేనని మీకు విడమరచి చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లోనే ఉంది. ఎప్పుడైనా అడిగారా? అడిగి, ఒక గంట కూర్చొని వినండి. ఆమె పని తెలిసి ఒప్పుకున్న సంబంధమైతే నిలుస్తుంది, దాచి కుదిర్చిన సంబంధం మొదటి సీజనుకే గొడవవుతుంది. ఆరు నెలల్లో ఆమె వయసు మీరిపోదు, పెళ్లి ఎక్కడికీ పోదు.

నా సలహా ఇది. ఈ సీజనుకు పంపండి, పొలం జోలికి వెళ్లకండి. పంపే ముందు బృందం నడిపే వారితో మీరే ఫోనులో మాట్లాడండి. గబ్బిలాలను పట్టడానికి అటవీ శాఖ అనుమతి ఎవరి పేరున ఉందో, బీమా ఉందో లేదో, టీకా ఖర్చు ఎవరిదో, రాత్రికి ఎంతమంది కలిసి వెళతారో అడగండి. చివర్లో అనుభవ పత్రంతోపాటు విశ్లేషణ కూడా నేర్పుతారా, నివేదికలో ఆమె పేరు ఉంటుందా అన్నది ఆమెనే అడగమనండి. డబ్బు తీసుకొని ‘వాలంటీరు అనుభవం’ అమ్మేవారైతే అక్కడికక్కడే వద్దని చెప్పండి, జీతం ఎంత తక్కువైనా ఇచ్చేవాళ్లే నయం. మే నెలలో ఆమె తిరిగి వచ్చాక కూడా విదేశీ చదువు మీద మక్కువ ఉంటే, అప్పుడు చేతిలో అనుభవంతో స్కాలర్‌షిప్పులకు దరఖాస్తు పెడదాం, ఆ ఉత్తరాలు రాయడంలో నేను సాయపడతాను. రేబిస్ టీకా డోసుల మధ్య రోజుల విరామం కావాలి కనుక, డిసెంబరు దాకా ఆగకుండా ఆమెను ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. వీలైతే మీరే వెంట వెళ్లండి.