కారం ప్యాకెట్ తెప్పించుకోవాలా, ఎండు మిరపకాయ కొని మిల్లులో ఆడించుకోవాలా?

విజయవాడలో ఉంటూ కారం కూడా పది నిమిషాల యాప్‌లో తెప్పించుకుంటున్నాం, నాణ్యత ఎలా ఉంటుంది అని అడిగారు కదా. మేం రెండూ వాడాం కాబట్టి చెప్తున్నా, వీలుంటే కాయే కొనండి.

మాది గుంటూరు బ్రాడీపేట. మార్చి వచ్చిందంటే అమ్మ ఏడాదికి సరిపడా కాయ కొనేది. కొనేముందు గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపేది, లోపల గింజ గలగలలాడాలి, తర్వాత ఒక కాయ విరిచి చూసేది, వంగుతుంది గానీ విరగట్లేదంటే చెమ్మ ఉన్నట్టే, లోపల నల్లగా బూజు కనపడిందా ఇక ఆ బస్తా జోలికే పోయేది కాదు. ఇంటికి తెచ్చాక తాలు కాయ, అంటే రంగు పోయి తెల్లబడ్డది, ఏరేసి, డాబా మీద రెండ్రోజులు ఎండబెట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని తొడిమలు తీసేవాళ్ళం, రాత్రి దాకా చేతులు భగ్గుమంటూనే ఉండేవి. కొట్టాయన కూడా దాచేవాడు కాదు, ఇది ఏసీ కాయమ్మా, పోయినేడాది సరుకు, నీకొద్దులే అని ముందే చెప్పేసేవాడు. ఏసీ కాయంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టింది, అదేం చెడ్డది కాదు, గుంటూరు మిర్చి యార్డులో మామూలుగా అమ్మేదే, కాకపోతే ఏది ఏదో చెప్పే మనిషి ఉండేవాడు.

ఉద్యోగానికని విజయవాడ వచ్చాక మూడేళ్ళు ప్యాకెట్టే. పోయినేడాది ఒకటి తెప్పిస్తే రంగు బ్రహ్మాండం, పప్పులో వేస్తే ఘాటూ లేదు వాసనా లేదు. తేదీ చూస్తే ప్యాక్ చేసి నెల కూడా కాలేదు. అప్పుడు అర్థమైంది, అది పొడి కవర్లో పోసిన తేదీ, కాయ ఎప్పుడు కోశారో, ఎన్నాళ్ళు నిల్వ ఉందో దాని మీద ఎక్కడా లేదు. కూరగాయలకైతే 1999 నుంచి రైతుబజార్లు ఉన్నాయి, పటమట వెళ్ళి వంకాయ తిప్పి చూసి తెచ్చుకోవచ్చు, పొడి చేసి సీలేసిన దాన్ని ఏం చూస్తాం చెప్పండి.

ప్యాకెట్ తప్పదంటే గ్లాసు నీళ్ళ మీద చిటికెడు చల్లి చూడండి, నీళ్ళలో కరిగే రంగు కలిపుంటే ఎర్ర చారలు కిందకి దిగుతాయి. సుడాన్ లాంటివి నూనెలో కరిగే రంగులు, అవి ఇందులో బయటపడవు, ల్యాబులోనే తెలుస్తాయి.

కాయ కొంటే ఘాటుకి తేజ రకం, రంగుకి బాడిగ రకం, మేమైతే రోజువారీ వాడకానికి 334 అనే గుంటూరు రకంలో కాస్త బాడిగ కలుపుతాం. మిల్లులో మీకు ముందు ఏం ఆడించారో కనుక్కోండి, మిగిలిన ఆ పొడి మీ కారంలో కలుస్తుంది. ఇంటికి తెచ్చాక వేడి మీద డబ్బాకెత్తొద్దు, గుడ్డ మీద పరిచి పూర్తిగా చల్లారనివ్వండి, లేకపోతే చెమ్మ పట్టి గడ్డలు కట్టేస్తుంది.