తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర ఎందుకు కడతారు? కట్టినవాడి జవాబు

ప్రశ్న ఇది: "గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడవేషం వేయడం వెనుక ఆధ్యాత్మిక అర్థం ఏమిటి? దసరా నవరాత్రుల్లో చేసే శక్తి పూజ లాంటిదేనా ఇదీ?"

నేను కట్టాను కాబట్టి చెబుతాను. మూడుసార్లు కట్టాను. మొదటి రెండుసార్లు నిక్కరు వయసులో, మా అక్క లంగా, పైన ఓణీ. పుల్ల ఐసు తప్ప ఆ రెండుసార్లూ నాకేమీ గుర్తు లేదు. మూడోసారి ఇరవై ఏడేళ్లకు, మీసంతో సహా, అమ్మ చీర. చెప్పాల్సిందంతా ఆ మూడోసారి గురించే.

దానికి ముందు దసరా మాట. అది వేరు, ఇది వేరు. బెజవాడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి రోజుకో అలంకారం చేస్తారు. ఒకరోజు అన్నపూర్ణ, ఒకరోజు సరస్వతి, ఒకరోజు మహిషాసురమర్దిని. మనం గంటలు గంటలు క్యూలో నిలబడి, అర నిమిషం చూసి, తోయించుకుని బయటికి వస్తాం. తిరుపతిలో అమ్మవారే వేషం మార్చుకుని మన వీధికి వస్తుంది. కైకాల వంశం వాళ్లు తరతరాలుగా ఆ వేషాలు కడుతున్నారు. కట్టిన మనిషి మన గుమ్మం ముందు నిలబడితే కాళ్లకు పసుపునీళ్లు పోసి హారతి ఇస్తాం. అక్కడ మనం దేవత దగ్గరికి పోతాం, ఇక్కడ దేవత మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. "వెతుక్కుంటూ" అన్న మాట గుర్తుపెట్టుకోండి, దానితో పని ఉంది.

ఇక ఈ ప్రశ్నకు జనం ఇచ్చే జవాబులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకాయన కుండలిని అంటాడు, ఇంకొకాయన అర్ధనారీశ్వర తత్వం అంటాడు. మూడో రకం వాట్సాప్ సైంటిస్టులు: "మే నెలలో వేడికి జబ్బులు వస్తాయి, వేపాకులో సూక్ష్మక్రిములను చంపే గుణం ఉంది, మన పూర్వీకులు ఎంత తెలివైనవాళ్లో." వేపాకు మంచిదే బాబూ, ఎవరు కాదన్నారు? వేపాకు కోసమే అయితే చెట్టు కింద కూర్చుంటే సరిపోయేది కదా, వారం రోజుల జాతర దేనికి? ఇప్పుడు నాలుగో రకం కూడా వచ్చింది. ఒక పెద్ద సినిమాలో హీరో చీర కట్టుకుని రంగు పూసుకున్నాక, అదే రంగు కావాలని మేకప్ మనిషిని మాట్లాడుకుని వస్తున్నారు కుర్రాళ్లు. మొక్కు లేదు, పాడు లేదు, రీలు ఒక్కటే.

సరే, నా సంగతి.

నాకు నాలుగేళ్లప్పుడు అమ్మ పోసింది. చికెన్‌పాక్స్ అనకూడదు, మా అవ్వ ఊరుకోదు. వేపమండలతో ఒళ్లు తుడుస్తూ అవ్వ మొక్కుకుందట: పిల్లోడు లేచి తిరిగితే మూడు జాతర్లకు వేషం కట్టిస్తానని. రెండు అయ్యాయి. మూడో ఏడు ఇంట్లో మైల వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత టెన్త్, ఇంటర్, ఇంజనీరింగ్, బెంగళూరు. ప్రతి మే నెలలోనూ అవ్వ ఫోన్లో ఒకటే మాట: "గంగమ్మకు బాకీ ఉండావు నాయనా." నేను "వచ్చే ఏడు అవ్వా" అనేవాణ్ని. చివరికి ఒక ఏడు అవ్వ మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి, మంచం దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆ ఏడు ఆమె ఫోన్లో బాకీ మాట ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి నాకు టెన్షన్ మొదలైంది. లీవు పెట్టి బస్సెక్కాను.

జాతర ఆఖరి మంగళవారం తెల్లవారుజామున అమ్మ, చెల్లెలు కలిసి నన్ను తయారు చేశారు. అమ్మ పాత మైసూరు సిల్కు చీర, ఆకుపచ్చ రంగు, జరీ అంచు నల్లబడింది. చెల్లెలి రవిక నా భుజం దాటలేదు, చివరికి నా టీ షర్టు మీదే చీర. గాజులు సబ్బు నురగతో ఎక్కించారు, రెండు పగిలి మణికట్టు గీసుకుపోయింది. సవరం పెట్టి మల్లెపూలు చుట్టారు. మీసం తీసేద్దామా అంటే నాయన మంచం మీద నుంచే "మీసం జోలికి పోవద్దు" అన్నాడు. చెల్లెలు కుచ్చిళ్లకు పిన్ను పెట్టింది, భుజానికి పెట్టింది, ఆఖరున నడుము పక్కన ఒకటి, సగం పైకే గుచ్చి వదిలేసింది. "ఇదెందుకే?" అన్నా. "ఉండనీ, పనికొస్తుంది" అంది.

తర్వాత అవ్వ దగ్గరికి పోయాను. పది నిమిషాల ముందు వరకు "నడక చూడు, ఒంటె మాదిరి" అని నన్ను ఆడిపోసుకున్న మనిషి, హారతి పళ్లెం చేతికి రాగానే మారిపోయింది. మంచం మీద నుంచే హారతి తిప్పింది. వంగి నా కాళ్ల మీద చెయ్యి పెట్టబోతే నేను వెనక్కి జరిగాను. "కదలొద్దు" అని గట్టిగా అరిచింది. తర్వాత గొంతు తగ్గించి, "తల్లీ, నడిచే కాళ్లు ఇయ్యి తల్లీ, లేకుంటే తీసుకునిపో" అంది. నన్ను కాదు అడిగింది. నా కళ్లలోకే చూస్తోంది, కానీ నన్ను చూడటం లేదు. ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. తెల్లముఖం వేసుకుని ఆమె నెత్తిన చెయ్యి పెట్టాను. ఆ చేతికి గాజులు ఉన్నాయి కాబట్టే పెట్టగలిగాను. ఉత్త చెయ్యి అయితే పెట్టేవాణ్ని కాదు.

నన్నడిగితే మీ ప్రశ్నకు సగం జవాబు ఆ గదిలోనే ఉంది. మిగతా సగం తాతయ్యగుంట వీధిలో దొరికింది.

అక్కడ గంగమ్మ గుడికి పోయే దారిలో జనం ఎలా ఉంటారో మీరు ఊహించుకోలేరు. వెదురుతో గోపురంలా కట్టిన సప్పరాలు మోసేవాళ్లు, పొంగలి గిన్నెలు ఎత్తుకున్న ఆడవాళ్లు, చంకలో కోడి పెట్టుకున్న పెద్దాయన, నాలాంటి మీసాల అక్కలు వందల్లో. పైన ఎండ, కింద కాలే రోడ్డు, చెప్పులు లేవు. చీర కాళ్లకు అడ్డం పడుతుంటే ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో అంబలి చెంబు. "ఏమక్కా, ఒంటరిగా పోతాండావే" అని ఎవడో అంటే అందరం నవ్వాం, నేను కూడా. గుడి దగ్గర తోపులాటలో ఎవడో నా నడుము పట్టుకుని గట్టిగా గిల్లాడు. తిరిగి చూశాను. వెనక యాభై ముఖాలు. ఒక్క ముఖంలో కూడా తప్పు చేసినవాడి కళ నాకు కనిపించలేదు. కోపం వచ్చింది గానీ, దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. చెంబు కింద పెట్టే చోటు కూడా లేదు.

ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పాను. అయ్యో అంటుందనుకున్నా. కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే "పిన్ను వాడలేదా?" అంది.

ఆ పిన్ను దేనికో నాకు అప్పుడు తెలిసింది. ఇరవై రెండేళ్ల పిల్ల, కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టినప్పటి నుంచి సిటీ బస్సులో అలాగే పోతోందట. ఇంట్లో మగవాళ్లం ముగ్గురం ఉన్నాం, ఒక్కడికీ తెలియదు. అమ్మకు తెలుసు. నేర్పింది ఆమే.

ఇప్పుడు కథకు వస్తాను. తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. తిరుపతిని ఒక పాలెగాడు ఏలేవాడు, కనిపించిన ఆడపిల్లనల్లా చెరిచేవాడు. పక్కనున్న అవిలాలలో పుట్టి కైకాల వాళ్ల ఇంట పెరిగిన గంగమ్మ మీద వాడి కన్ను పడింది. ఆమె అసలు రూపం చూపించగానే పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని పట్టుకోవడానికి ఆమె వేషాలు కట్టింది. జాతర మొదటి బుధవారం బైరాగి వేషం, ఒంటికి తెల్లటి నామంకొమ్ము. గురువారం బండ వేషం, కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గుపొడి. మా చిన్నప్పుడు పిలకాయలందరం అవే పూసుకుని, వేపమండలు పట్టుకుని, నోటికొచ్చిన బూతులు తిట్టుకుంటూ ఊరంతా తిరిగేవాళ్లం. రోషానికి వాడు బయటికి రావాలని ఆ తిట్లు. ఈ మధ్య చదువుకున్నవాళ్లకు ఆ బూతులు నామోషీ అయిపోయాయి, పిల్లల నోరు మూయిస్తున్నారు. అదే పిల్లల చేతికి ఫోను ఇచ్చి దాంట్లో ఏం వింటున్నారో పట్టించుకోరు. శనివారం ఆమె దొర వేషంలో వస్తే పాలెగాడు చిక్కుతాడు, తల తెగుతుంది. ఆదివారం మాతంగి వేషం కట్టి వాడి పెండ్లాన్ని ఓదార్చడానికి పోతుంది. చంపింది తనే, ఓదార్చేదీ తనే. మహిషాసురుణ్ని చంపిన కథ వెయ్యిసార్లు విన్నాను గానీ, ఆ దున్నపోతుకు ఒక పెండ్లాం ఉంటే ఎలా ఏడ్చేదో ఎవరూ చెప్పలేదు.

ఇంకో తేడా కూడా ఉంది. మహిషుడు కొమ్ములున్న రాక్షసుడు, మనకు వాడితో చుట్టరికం లేదు. పాలెగాడు అలా కాదు. విజయనగర రాజుల కాలం నుంచి, 1800ల మొదట్లో కంపెనీ వాళ్లు అణచివేసే దాకా, రాయలసీమ ఊళ్లను నిజంగానే ఏలిన మనుషులు పాలెగాళ్లు. అందరూ చెడ్డవాళ్లని కాదు, గొడవకు రావద్దు. కానీ ఈ కథలో విలన్ పక్క వీధి మగాడు. వాడి కోసమే ఆమె ఇంటింటికీ వస్తోంది.

అలాంటి సమయంలో గుమ్మంలో మగాడిగా నిలబడే ధైర్యం ఎవడికి ఉంటుంది? అందుకే చీర. "తల్లీ, నువ్వు వెతికేవాణ్ని నేను కాదు" అని చెప్పుకోవడమే ఆ వేషం. ఇది నా సొంత సిద్ధాంతం, ఏ శాస్త్రంలోనూ లేదు. అయినా నాకు దీని మీద అనుమానం లేదు. చూడండి, ఆమె దొర వేషం వేసుకుని మగాణ్ని వెతుకుతుంది, మగాళ్లు చీరలు కట్టుకుని ఆమె ముందుకు పోతారు. ఒక్క మా ఊళ్లోనే ఉన్న ఆచారం కూడా కాదు. కేరళలో కొల్లం జిల్లా కొట్టన్‌కుళంగర గుళ్లో కూడా మగవాళ్లు చీరలు కట్టి దీపాలు పట్టుకుంటారు. వాళ్ల ఫొటోలు చూశాను, నిజమైన ఆడవాళ్లే అనుకుంటాం, అంత అందంగా తయారవుతారు. మాకు అంత ఓపిక లేదు, టీ షర్టు, మీసం కనపడిపోతాయి.

ఈ సిద్ధాంతంలో ఉన్న చిక్కు నాకూ తెలుసు. నన్ను గిల్లినవాడు కూడా చీరలోనే ఉండి ఉండొచ్చు. ఆ యాభై ముఖాల్లో సగానికి మల్లెపూలు ఉన్నాయి. ఈ మాట ఒకసారి మా మామతో అంటే, "ఏదో సరదాకు గిల్లుంటాడు, దానికి ఇంత తత్వమా" అన్నాడు. పాలెగాడు కూడా సరదాకే చేసేవాడు మామా అన్నాను. ఆ రోజు నుంచి మామ నాతో క్రికెట్ తప్ప ఇంకేమీ మాట్లాడడు.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. బుధవారం వేకువన గుడి ముందు విశ్వరూపం ఉంటుంది. బంకమట్టితో చేసిన అమ్మవారి పెద్ద రూపం, పెద్ద కళ్లు. పేరంటాలు వేషంలో ఉన్నాయన వచ్చి ఆ రూపం చెంప నరుకుతాడు. దాంతో జాతర అయిపోయినట్టే. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఎందుకు నరుకుతారని అడిగితే, "ఆ ఉగ్రం అట్లే ఉంటే ఊరు తట్టుకోలేదు నాయనా, పంపించేయాల" అంది అవ్వ. మగాడు తట్టుకోలేడు అనాల్సింది, పాపం ఊరి మీద పెట్టింది. నాకు బొటనవేలంత మట్టి దొరికింది. అవ్వ దాన్ని నీళ్లలో రంగరించి మోకాళ్లకు రాసుకుంది. మిగిలింది అమ్మ కుంకుమ భరిణెలో ఉంది. మోకాళ్లు తగ్గాయా అని అడక్కండి. ఆ ఎండాకాలం అవ్వ ఒక్కర్తే లేచి వరండా దాకా వచ్చింది. మరుసటి సంక్రాంతికి లేదు.

ఎవరైనా వేషం కట్టాలనుకుని రావాలనుకుంటే ఆఖరి మంగళవారం ఎండెక్కకముందే రండి. చెప్పులు ఇంట్లోనే వదలండి, గుడి దగ్గర వదిలితే దొరకవు. తిరుమల నుంచి వెంకన్న చెల్లెలు గంగమ్మకు సారె వచ్చే గుడి ఇది, కొండకు పోయే ముందు ఇక్కడ ఆగి పోవడం పాత పద్ధతి. ఇప్పుడు కొండ మీద టోకెన్ టైము దాటిపోతుందని ఎవరూ ఆగడం లేదు. గాజులు ఒక సైజు పెద్దవి కొనండి. చీర మీ ఇంట్లో ఆడవాళ్ల చేతే కట్టించుకోండి, పిన్నులు ఎన్ని పెడుతున్నారో, ఎక్కడెక్కడ పెడుతున్నారో కాస్త చూడండి.