తగవు దగ్గర మొదలుపెట్టు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

బ్లఫ్ ఆట మీద, అదే ముక్కలు బోర్లా వేసి అబద్ధం చెప్పే పేకాట మీద, నువ్వు చిత్తూరు నుంచి పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్కణ్ణే, సాయంత్రం మిద్దె మీద కూర్చుని. రెండోసారి సెలవులకు వచ్చిన మనవలు నలుగురినీ చుట్టూ కూర్చోబెట్టి, పేక కలిపి పంచి, నువ్వు రాసింది రాసినట్టు పైకి చదువుతూ ఆడించాను. ఆట గురించి రాసిందాన్ని చదవాల్సింది అట్లాగేనని నా నమ్మకం. పావుగంట గడవకముందే ఇద్దరు పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

చిన్నవాడు మూడు ముక్కలు బోర్లా వేసి "మూడు రాణులు" అన్నాడు. వాడి అన్న, వాడి పక్కనున్న పిల్ల ఒక్కసారే "బ్లఫ్" అని అరిచారు. తిప్పి చూస్తే నిజంగానే మూడూ రాణులు. కుప్పలో అప్పటికే ఇరవైకి పైగా ముక్కలున్నాయి. ఎవరెత్తుకోవాలి? "నువ్వే ముందన్నావు", "నేను కాదు, నువ్వే." నలుగురూ నా చేతిలో ఉన్న నీ కాగితం వైపు చూశారు. అందులో "తప్పుగా సవాలు చేసినవారు మొత్తం పత్రాలను స్వీకరించవలెను" అని ఉంది. ఇద్దరు కలిసి చేస్తే ఏమిటో లేదు.

నొచ్చుకోకు. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రిక సెలవుల పేజీకి నేనూ ఇదే ఆట రాసి, ఇదే చోట ఖాళీ వదిలేశాను. ఒక తల్లి కార్డు రాసింది. ఆ ఆట ఆడిన రోజు నుంచి తన పిల్లలిద్దరూ మాట్లాడుకోవడం లేదనీ, ఇద్దరూ ఒకేసారి అంటే ఎవరెత్తుకోవాలో ఇప్పటికైనా చెప్పమనీ. ఆ కార్డు ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది. మనం ఆ ఇంట్లో ఉండం. మన కాగితమే అక్కడ పెద్దమనిషి. పెద్దమనిషి నోరు విప్పాల్సిన చోట విప్పకపోతే ఆ ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకుంటారు.

నీ వ్యాసంలో రూల్సు పదకొండు. ఒక్కటీ తప్పు లేదు. వాటి తర్వాత, చివరి పేరాలో, "కొన్ని ఇళ్లలో స్వల్ప మార్పులతో కూడా ఆడతారు" అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు రాశావు. అమ్మాయ్, నీ వ్యాసమంతా ఆ నాలుగు వాక్యాల్లో ముడుచుకుని ఉంది. 52 ముక్కలూ పంచెయ్యడం, వంతు వచ్చినవాడు ఒకటి నుంచి నాలుగు దాకా బోర్లా వేసి అవేమిటో చెప్పడం, నమ్మనివాడు బ్లఫ్ అనడం, తిప్పితే అబద్ధమైతే వేసినవాడూ నిజమైతే అన్నవాడూ కుప్ప ఎత్తుకోవడం, చేతిలో ముక్కలు ముందుగా అయిపోయినవాడు గెలవడం. ఇంత ఎవరైనా ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు. ఇంటి రూలు అట్లా రాదు. ఏ ఇంటి రూలైనా ఎప్పుడో ఒక రాత్రి జరిగిన తగవుకు ఆ ఇంటివాళ్లు ఇచ్చుకున్న తీర్పు. తగవు చెప్పకుండా తీర్పు ఒక్కటే చెబితే, అది ఎందుకుందో చదివేవాడికి తెలియదు. తెలియని రూలు గుర్తుండదు.

మా తీర్పు చెబుతాను. మా చిన్నాయనకు మామిడి తోట ఉండేది. బేనిషా కాయ కోతకొచ్చే రోజుల్లో రాత్రిళ్లు కాపలాకు పిల్లలమందరం పోయేవాళ్లం. లాంతరు వెలుగులో దుప్పటి మీద ఆట. పందెం చెనక్కాయలు. చిన్నాయన పైసా కూడా పెట్టనిచ్చేవాడు కాదు. ఇద్దరు ఒకేసారి బ్లఫ్ అంటే, వేసినవాడి తర్వాతి వంతు నుంచి లెక్కపెట్టి దగ్గరున్నవాడిదే సవాలు అని మొదట ఆయన తీర్పు చెప్పాడు. నాలుగు రాత్రులు బాగానే నడిచింది. తర్వాత దూరంగా కూర్చున్నవాళ్లు దీంట్లో సందు కనిపెట్టారు. దగ్గరున్నవాడు నోరు తెరిచేదాకా ఆగి గొంతు కలిపితే సరి, తప్పయినా తమ నెత్తికి రాదు. అప్పుడు చిన్నాయన తీర్పు మార్చాడు. కుప్ప మీద అరచెయ్యి పెట్టి అనాలి. అడుగున ఎవరి చెయ్యి ఉంటే సవాలు వాళ్లది. యాభై ఏళ్లయినా మా ఇంట్లో అదే నడుస్తోంది. నీ వ్యాసంలో నాకు కావలసింది ఇదిగో, ఈ నాలుగు రాత్రులు.

ఇంకొక చోట నువ్వు ఆగాల్సింది, ఆగలేదు. "ముక్కల పేర్లు వరస ప్రకారం గానీ, ఒకే పేరుతో గానీ చెప్పవచ్చు" అని దాటేశావు. ఇవి రెండూ రెండు లోకాలు. ఒకే పేరు పద్ధతిలో మొదలుపెట్టినవాడు రాజులంటే అందరూ రాజులనే చెప్పి వెయ్యాలి, లేదా పాస్ అనాలి. అందరూ పాస్ అంటే కుప్ప పక్కకు పోతుంది, ఆఖరున వేసినవాడు కొత్త పేరు ఎత్తుకుంటాడు. అక్కడ అబద్ధం నీ ఇష్టం. వరస పద్ధతిలో ఆసు, రెండు, మూడు అంటూ పోతుంటే నీ వంతుకు ఏ పేరు వస్తే అదే చెప్పాలి, పాస్ లేదు. నలుగురు ఆడితే తలా పదమూడు ముక్కలు. పంచిన పదమూడులో ఫలానా పేరు ముక్క ఒక్కటి కూడా లేకపోయే అవకాశం నూటికి ముప్పై. అంటే ఎంత నిజాయితీ గల మనిషైనా, ఆట మొదట్లోనే, పదిసార్లలో మూడుసార్లు అబద్ధం ఆడక తప్పదు. అబద్ధం ఆడాలనుకునే ఆటకూ, ఆడక తప్పని ఆటకూ మధ్య ఎంత దూరముందో రాయి. ఇక్కడ పేజీ ఖర్చయినా ఫరవాలేదు.

ఆ దూరం నాకు తెలిసింది మా అవ్వ వల్ల. పిల్లలం ఇంట్లో వరస పద్ధతి ఆడుతుంటే అవ్వ కూడా కూర్చునేది. ఆమె వంతుకు తొమ్మిది వచ్చి, చేతిలో తొమ్మిది లేకపోతే, "నాకాడ లేదు నాయనా, లేనిది ఉండాదని యెట్లా చెప్పేది" అనేది. ఆటకైనా ఆ నోరు అబద్ధం పలకదు. ఆట ఆగిపోయేది. ఆమెను లేపి పంపడానికి ఎవరికీ మనసొప్పలేదు. మా అత్త ఒక దారి చూపింది. అవ్వ ఒక్కతే, ఇష్టమైనప్పుడు "పోనీండి" అని వంతు వదులుకోవచ్చు. వరస మాత్రం ముందుకు పోతుంది. ఇంకెవరికీ ఆ వీలు లేదు.

కొన్నాళ్లు అవ్వ పోనీండి అన్నప్పుడల్లా ఆమె దగ్గర ఆ ముక్క లేదనే అనుకున్నాం. ఒక రాత్రి ఏడు ఆమె వంతుకొచ్చింది. "పోనీండి" అంది. పదమూడు పేర్లు, నలుగురు మనుషులు కాబట్టి మళ్లీ ఏడు తిరిగొచ్చేసరికి అది పక్కవాడి వంతుకు పడింది. వాడు రెండు ముక్కలు వేసి "రెండు ఏడులు" అన్నాడు. అవ్వ నిదానంగా చెయ్యి చాపి కుప్ప మీద పెట్టింది. "తిప్పు నాయనా." రెండూ వేరే ముక్కలే. ఎట్లా తెలిసిందని అడిగితే తన చేతిలోవి మా వైపు తిప్పింది. నాలుగు ఏడులూ అక్కడే ఉన్నాయి. "నేనేం అబద్ధం చెప్పలా" అంది. నిజమే. లేదు అని ఆమె ఎప్పుడూ అనలేదు. మేమే అనుకున్నాం. ఒక మనిషి కోసం చేసిన రూలు ఆటను ఎంత మారుస్తుందో ఆ రాత్రి చూశాను. మాట మీద నాకున్న జాగ్రత్తలో సగం ఆ రాత్రిదే. మీ ఇంట్లో కూడా ఇట్లా ఒక మనిషి కోసం పుట్టిన రూలు ఉండి తీరుతుంది. వెతుకు.

అబద్ధానికి కంచె ఎక్కడో కూడా నువ్వు రాయలేదు. ముక్కల పేరు అబద్ధం చెప్పొచ్చు, అది ఆట. మూడు అని చెప్పి ఐదు జార్చితే? మా ఇంట్లో అది దొంగతనం. లెక్క ఎప్పుడూ నిజం ఉండాలి, దొరికితే కుప్పంతా ఎత్తుకోవాలి. అదీ ఆటలో భాగమేనని ఆడే ఇళ్లూ ఉన్నాయి, వాళ్లది తప్పు అనను. కానీ మొదటి ముక్క పడకముందే చెప్పుకోవాలి. మా వాళ్లలో ఇద్దరు ఈ ఒక్క విషయం ముందు అనుకోకపోవడం వల్ల ఒక వేసవంతా ఎడమొహం పెడమొహంగా తిరిగారు. నీ పదకొండింటిలో ఇది మొదటిదిగా ఉండాలని నా అభిప్రాయం.

మిగతావి త్వరగా చెబుతాను. సవాలు చేసినవాడు వేసిన ముక్కల్లో ఒక్కటే ఎంచి తిప్పాలనే పద్ధతి ఉంది. మూడింటిలో ఒకటి మాత్రమే అబద్ధమైతే మూడింట రెండు వంతులు తప్పించుకోవచ్చు, కాబట్టి నిజంలో అబద్ధం కలిపి వెయ్యడం పిల్లలు వెంటనే నేర్చేసుకుంటారు. నాకు ఇష్టమైన పద్ధతి. ఆఖరి ముక్కను తప్పకుండా తిప్పి చూడాలనే రూలు ఒకే పేరు ఆటకు బాగుంటుంది, నిజాన్ని చివరిదాకా దాచుకోవాల్సి వస్తుంది. వరస ఆటకు పెడితే అన్యాయం, అక్కడ పేరు మన చేతిలో లేదు. ఏడెనిమిది మంది దాటితే రెండు పేకలు కలపాలి. కానీ అప్పుడు ఒక్కో పేరుకు ఎనిమిది ముక్కలు, నా చేతిలో నాలుగు ఏడులున్నాయి కాబట్టి నువ్వు చెప్పేది అబద్ధమని గట్టిగా చెప్పడం కుదరదు. రష్యాలో ఇదే ఆటను 'వేరిష్ నే వేరిష్' అంటారు, నమ్ముతావా నమ్మవా అని అర్థం. అక్కడ తర్వాతి వంతువాడొక్కడే తేల్చాలి, నమ్మి పైన వెయ్యడమో, నమ్మక తిప్పడమో. ముగ్గురుంటే అది ఎంతో బాగుంటుంది. ఎనిమిది మందిలో ఆడితే ఆరుగురు ఆవులిస్తారు.

ఈ పద్ధతులన్నీ ఎట్లా పోగుచేయాలని అడిగావు. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చున్నప్పుడు పిల్లల్ని గమనించు. నోటుపుస్తకం కాగితం చించి చీటీలు రాసి రాముడు-సీత ఆడుతుంటారు. రాముడి చీటీ వచ్చినవాడు సీత ఎవరి దగ్గరుందో కనిపెట్టాలి, మిగతావాళ్లు మొహాల్లో ఏమీ కనపడనివ్వకూడదు. ఒకసారి నా పక్కన మూడు ఊళ్ల పిల్లలు కలిశారు. ఒకడు రాముడికి వెయ్యి పాయింట్లు అంటాడు, ఇంకొకడికి రాముడే లేడు, రాజు, రాణి, దొంగ, పోలీసు. చీటీలు మడవకముందే ఒక పాప అడిగింది: "మీకాడ ఎట్లా ఆడతారు?" అంతే. తప్పు ఆడుతున్నావని ఎవరూ ఎవర్నీ అనలేదు. ఆ ప్రశ్న పట్టుకుని నాలుగిళ్లు తిరిగిరా. కనిపించిన ప్రతి తేడా దగ్గరా, ఎందుకట్లా పెట్టుకున్నారు అని రెండో ప్రశ్న వెయ్యి.

వేషం సంగతి కూడా మరిచిపోకు. 1980ల్లో మాస్కోలో మనస్తత్వశాస్త్ర విద్యార్థి దిమిత్రి దవిదోఫ్ మాఫియా అనే ఆట కట్టాడు. మాఫియా ఎవరో ఆ కొద్దిమందికి మాత్రమే తెలుసు, మిగతావాళ్లు మాటలతోనే కనిపెట్టాలి. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ అనే ఆయన అదే ఆటకు పల్లె, తోడేలు మనిషి వేషం తొడిగాడు. రూల్సు ఇంచుమించు అవే, ఆడేవాళ్ల గొంతు మారిపోయింది. మనకు ఇది కొత్త కాదు. మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకొక వేషం ఎందుకో నీకు తెలుసు. ఆడవాళ్లను వేధించి, అమ్మకు జడిసి దాక్కున్న పాలెగాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మ వేషాలు మార్చింది. బైరాగి వేషానికీ రాలేదు, బండ వేషానికీ రాలేదు, తోటి వేషానికీ రాలేదు. దొర వేషానికి వచ్చాడు. దొర పిలిస్తే రాక తప్పదు వాడికి. నమ్మాల్సిన అవసరం వాడిలోనే ఉంది. బ్లఫ్‌లో కూడా ఎదుటివాడి మొహం కంటే, నమ్మడం ఎవరికి అవసరమో చూసేవాడే గెలుస్తాడు. తన దగ్గర తర్వాతి పేరు ముక్కలు సిద్ధంగా ఉన్నవాడు ఆట ఆగకూడదని ఏదైనా నమ్మేస్తాడు. ఈ మాట నీ వ్యాసంలో ఎక్కడో ఒకచోట ఉండాలి.

భాష గురించి ఒక్క మాట. "క్రీడాకారుడు పత్రాలను అధోముఖంగా ఉంచవలెను" అని రాశావు. చిత్తూరులో మీ ఇంట్లో ఆట ఆడేటప్పుడు ఎవరైనా ఆ మాట అన్నారా? ముక్కలు, బోర్లా, కుప్ప, ఎత్తుకో, తిప్పు. ఆట ఆ మాటల్లోనే ఉంది, వాటిని మార్చకు. అట్లాగే ఐదుగురు ఆడితే తలా పది పోగా రెండు ముక్కలు మిగులుతాయి, వాటినేం చెయ్యాలో రాయి. మేం పంచేస్తాం, ఇద్దరికి పదకొండు వస్తాయి.

తిరగరాసి పంపకు. మే నెలలో జాతరకు మీ అమ్మానాన్నలతో రా, పిల్లలందరూ ఉంటారు, నువ్వే చదువు, మేం ఆడతాం. ఎవరైనా ఎక్కడ గొంతు పెంచితే అక్కడ గీత పెట్టుకో. వచ్చేటప్పుడు మంచి పేక ఒకటి తీసుకురా. మా దాంట్లో కళావరు ఏడు పోయి చాలా ఏళ్లయింది, జోకరు మీద పెన్నుతో రాసుకుని ఆడుతున్నాం.

మీ ఇంట్లో అందరికీ నా దీవెనలు.