ఏ సంవత్సరం నాణేలు సేకరించాలి: మేనల్లుడికి ఒక లేఖ

హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తాతయ్య పుట్టిన 1939వ సంవత్సరపు నాణేలన్నీ ఒక్కచోట చేర్చి ఆయనకు కానుకగా ఇవ్వాలన్న నీ ఆలోచన ముచ్చటగా ఉంది. అయితే ఆ సంవత్సరం జోలికి మాత్రం వెళ్లవద్దు. ఆ ఏటి కాణీ (పావు అణా), అణా (రూపాయిలో పదహారో వంతు), బేడ (రెండు అణాలు) ఓపికగా వెతికితే దొరుకుతాయి కానీ, రూపాయి దగ్గర నీ సెట్టు ఆగిపోతుంది. ఆరవ జార్జి బొమ్మతో 1939లో ముద్రించిన వెండి రూపాయి బ్రిటిష్ ఇండియా నాణేలలో అత్యంత అరుదైనవాటిలో ఒకటి. ఆ మరుసటి ఏడాదే, అంటే 1940లో, రూపాయిలో వెండి పాలును 91.7 శాతం నుంచి 50 శాతానికి తగ్గించారు. అసలు నాణెం అంత అరుదు కాబట్టే నకిలీలు విరివిగా తిరుగుతున్నాయి, చివరి అంకెను చెక్కి మార్చినవి కూడా వాటిలో ఉంటాయి. ఎవరైనా నీకు చవకగా ఇస్తామంటే అది అసలుది కాదనే అనుకో.

సంవత్సరాన్ని ఎంచుకునేటప్పుడు మనకు దానితో ఉన్న అనుబంధం కంటే ముందు, ఆ ఏడాది ఏయే విలువల నాణేలు ముద్రించారో క్యాటలాగ్‌లో చూసుకుని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ పట్టికలో అన్నిటికంటే దుర్లభమైనది ఏది, దాన్ని నువ్వు కొనగలవా అన్నదే అసలు ప్రశ్న; మిగిలిన నాణేలు ఎంత సులువుగా దొరికినా ఆ ఒక్కటీ అందకపోతే సెట్టు ఎప్పటికీ పూర్తి కాదు. అందుకే ఆ కష్టమైన నాణేన్ని ముందు సంపాదించి, సులువైనవాటిని తరువాత తెచ్చుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. 1918నే చూడు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు వెండి కొరత వల్ల బేడ కాసు ఆ ఏడాది రాగి, నికెల్ మిశ్రమంతో వచ్చింది, కథ ఎంతో ఆసక్తికరంగా ఉంటుంది. కానీ 15 రూపాయల బంగారు నాణెం, బొంబాయిలో ముద్రించిన సావరిన్ అనే బ్రిటిష్ బంగారు నాణెం కూడా ఆ ఏటివే. అవి లేకుండా ఆ సంవత్సరం పూర్తయిందని ఏ సేకర్తా ఒప్పుకోడు.

సెట్టు హద్దులు కూడా మొదటే నిర్ణయించుకో. ప్రతి విలువకూ ఒక్క నాణెం చాలా, లేక నాణేలు ముద్రించే ప్రతి టంకశాల నుంచీ ఒక్కో నాణెం కావాలా? సంవత్సరం అంకె కింద నక్షత్రం ఉంటే మన హైదరాబాద్‌ది, వజ్రాకారం గానీ, పాత నాణేలలో చుక్క గానీ ఉంటే బొంబాయిది, ఏమీ లేకపోతే కలకత్తాది అని స్థూలంగా గుర్తుంచుకో. 1988లో నోయిడా టంకశాల మొదలై గుండ్రని చిన్న చుక్కతో నాణేలు ముద్రించింది. అదే 1988లో పది, పాతిక, యాభై పైసల నాణేలు పాత లోహంలోనూ, స్టెయిన్‌లెస్ స్టీల్‌లోనూ, రెండు విధాలుగా వచ్చాయి. టంకశాలల వారీగా సేకరించే వాడికి ఆ ఒక్క సంవత్సరమే ఏళ్ల తరబడి పని పెడుతుంది. స్మారక నాణేల సంగతి ఇంకొక చిక్కు. 1969లో గాంధీ శతజయంతికి విడుదలైన నాణేల మీద 1869-1948 అని ఉంటుందే తప్ప 1969 అని ఉండదు. వాటిని 1969 సెట్టులో చేర్చాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేనైతే నాణెం మీద ముద్రించిన సంవత్సరాన్నే ప్రమాణంగా తీసుకుంటాను.

మరి నీకు ఏ సంవత్సరం? నా ఓటు 1950కే. తాతయ్యకు అప్పటికి పదకొండేళ్లు. రాజు తల పోయి అశోకుని సింహాలు వచ్చిన తొలి నాణేలు అవే. ఆ ఏడాది ఆగస్టు 15న విడుదలయ్యాయి. కాణీ, అర్ధణా, అణా, బేడ, పావలా, అర్ధరూపాయి, రూపాయి మొత్తం ఏడు, ఏడింటి మీదా 1950 అనే ఉంటుంది. కాణీ మీద గుర్రం, అర్ధణా, అణా, బేడల మీద ఎద్దు, పావలా, అర్ధరూపాయి, రూపాయిల మీద గోధుమ కంకులు కనిపిస్తాయి. అర్ధణా, బేడ రెండూ మూలలు గుండ్రంగా ఉన్న చతురస్రాలు, అణా అంచు పూరేకుల్లా వంపులు తిరిగి ఉంటుంది. ఇందులో వెండి లేదు కాబట్టి వెండి ధర పెరిగినప్పుడల్లా నీ జేబు భయపడనక్కర్లేదు. పైగా మన సైఫాబాద్ టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చినదీ 1950లోనే. ఇప్పుడు ఆ భవనంలో మ్యూజియం ఉంది, ఒకసారి వెళ్లి చూడు.

1947 కూడా ఏడు నాణేల సంవత్సరమే. పులి బొమ్మ ఉన్న నికెల్ రూపాయీ, చిల్లు కాణీ అందులోనే ఉంటాయి, అది రెండో సెట్టుగా బాగుంటుంది. అణాలు పోయి, రూపాయికి వంద చొప్పున నయాపైసలు మొదలైన 1957 పేరుకు గొప్పదే గానీ అందులో ఐదు విలువలే ఉన్నాయి. యాభై నయాపైసల నాణెం 1960లోనూ, దశాంశ పద్ధతి రూపాయి 1962లోనూ గానీ రాలేదు. అందువల్ల నయాపైసల పూర్తి సెట్టు కావాలంటే 1962 ఎంచుకోవాలి.

నిజాం కాలపు చార్మినార్ నాణేలు నీకు ఆకర్షణీయంగా కనిపించవచ్చు. వాటికి ఇప్పుడే తొందరపడకు. వాటి మీద హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరమూ, నిజాం గద్దెనెక్కిన నాటి నుంచి లెక్కించే పాలనా సంవత్సరమూ రెండూ ఉంటాయి. ఏడవ నిజాం రంజాన్ మాసంలో గద్దెనెక్కాడు కాబట్టి ఒక్కో హిజ్రీ సంవత్సరంలో రెండు పాలనా సంవత్సరాలు పడతాయి. పర్షియన్ అంకెలు తడుముకోకుండా చదవగలిగిన తరువాతే అటు వెళ్లు.

కొనేటప్పుడు ఏడు నాణేలూ దాదాపు ఒకే స్థాయి అరుగుదలతో ఉండేలా చూసుకో. మెరిసే రూపాయి పక్కన గుర్రం కాళ్లు అరిగిపోయిన కాణీ పెడితే ఎంత ఖర్చుపెట్టినా సెట్టు కంటికి ఆనదు. చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీదైనా, పెద్ద దుకాణంలోనైనా, చింతపండుతోనో పాలిష్‌తోనో తోమిన నాణేన్ని తీసుకోకు, తెచ్చుకున్నవాటిని నువ్వూ తోమకు. పీవీసీ ప్లాస్టిక్ ఆల్బమ్‌లలో పెడితే కొన్నాళ్లకు రాగి నాణేల మీద ఆకుపచ్చని జిడ్డు పేరుకుంటుంది. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకో: 1950 రూపాయి, అర్ధరూపాయి, పావలా స్వచ్ఛమైన నికెల్ కాబట్టి దానికి అంటుకోవాలి, బేడ, అణా, అర్ధణా, కాణీ అంటుకోకూడదు. అంటుకున్నంత మాత్రాన అసలుదని తేలిపోదు, అంటుకోకపోతే మాత్రం ఆ రూపాయిని పక్కన పెట్టేయవచ్చు.

ముందుగా మచ్చలేని 1950 రూపాయి వెతుకు. దొరికితే బేరం ఖాయం చేసుకునే ముందు నాకు చూపించు, మిగిలిన ఆరింటికీ కలిసి వెళదాం.

ఇట్లు
నీ మామయ్య