అర్థం కాలేదన్నవాళ్ళతో వాదన వద్దు

చి. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన లింకు తెరిచి మొత్తం చదివాను. యాప్‌లో తప్పుందని నువ్వు రాసిన బగ్ రిపోర్టు, దానికి ఆ యాప్ బాగోగులు చూసే మెయింటెయినర్ జవాబు, ఆ తర్వాత అర్ధరాత్రి కూర్చుని నువ్వు దంచిన నాలుగు పేరాలు, అన్నీ. "మన ఇంగ్లీషంటే వీళ్ళకి చులకన మావయ్యా" అన్నావు ఫోన్లో. అలాంటివాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ ఈయన మాటల్లో నాకది కనబడలేదు. "దీంతో నేనేమీ చేయలేను, వివరంగా రాయండి" అన్నాడు, అంతే. రోజుకి ఎన్నో రిపోర్టులు చూసేవాడు రెండు వాక్యాల్లో తేల్చేస్తాడు. పొట్టిగా రాశాడంటే కోపమొచ్చిందని కాదు.

రాసింది అర్థమైందో లేదో చెప్పాల్సింది చదివినవాళ్ళే. కాలేదంటే కాలేదు. "క్లియర్‌గానే రాశాను, మళ్ళీ చదవండి" అని నువ్వు ఎన్నిసార్లు అన్నా ఆయనకి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

నీ రిపోర్టే చూడు. "కొత్త వెర్షన్లో తెలుగు సరిగ్గా రావడం లేదు, త్వరగా సరిచేయండి" అని మొదలుపెట్టావు. కొత్తది అంటే ఏది? ఆయన ఇంట్లో కొత్తది వేరు, నీ ఫోన్లో కొత్తది వేరు. ఇక "సరిగ్గా" అన్న మాట. ఆయనకి తెలుగు వచ్చినట్టు లేదు. నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో ఆయనకి కనబడేవి గుండ్రటి అక్షరాలు, అన్నీ ముచ్చటగానే ఉంటాయి! అందులో ఏది విరిగిందో నీకు చూడగానే తెలుస్తుంది. ఆయనకి పక్కన కూర్చుని వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియదు. ఒంట్లో బాలేదని మాత్రం చెప్పి మందు రాయమంటే డాక్టరు ఏం రాస్తాడు చెప్పు.

అదే ఇలా రాసి చూడు. యాప్ వెర్షన్ ఇది, ఫోన్ ఇది, ఫాంట్ ఇది. 'లక్ష్మి' అని టైపు చేశాను. క కింద ష ఒత్తు, మ ఒత్తు రెండూ పడి 'లక్ష్మి' అని రావాలి. రెండో పొల్లు విడిగా కనబడి 'లక్ష్‌మి' అని వస్తోంది. కిందటి వెర్షన్లో బాగానే వచ్చేది. సరైన బొమ్మా తప్పు బొమ్మా పక్కపక్కన పెట్టు, తేడా ఉన్నచోట ఎర్ర గీత గియ్యి. ఆ పదాన్ని బొమ్మగానే కాకుండా కాపీ చేసుకునేలా టెక్స్టుగానూ ఇవ్వు. తెలుగు ఒక్క అక్షరం రాకపోయినా ఆయన దీంతో పని మొదలుపెట్టగలడు. ఇంగ్లీషులో 'ఎ', 'ది' లాంటి ఆర్టికల్ ఒకటి తప్పినా ఎవరూ పట్టించుకోరు. వెర్షన్ నంబరు లేకపోతే మాత్రం పని అక్కడే ఆగిపోతుంది.

2018లో ఐఫోన్లకి వచ్చిన తెలుగు గొడవ గుర్తుందా? తెలుగు అక్షరం ఒకటి వస్తే చాలు, యాప్ కుప్పకూలుతుందని వార్తలొచ్చాయి. అది విని 'జ్ఞానం' అని మామూలుగా టైపు చేసినవాడికి ఏమీ కాదు, ఇదంతా పుకారంటాడు. యాప్ పోయినవాడు ఒప్పుకోడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! జ, పొల్లు, ఞ, ఆ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు), దాని వెనక దీర్ఘం: ఈ అయిదూ ఇదే వరసలో వస్తేనే చిక్కు. బెంగాలీలోనూ అలాంటి వరసలు బయటపడ్డాయి. ఫిబ్రవరి 19న యాపిల్ తన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. "తెలుగు అక్షరం" అంటే ఎంతసేపైనా కొట్టుకోవచ్చు. ఆ అయిదింటి వరస చేతిలో పెడితే ఎవరైనా నిమిషంలో తమ ఫోన్లో చూసుకుంటారు.

ఇంకొకటి. "దిస్ షుడ్ వర్క్" అని రాశావు. పని చేసి తీరాలి అనా, చేస్తుందనుకుంటున్నాను అనా? ఇది నీ ఒక్కదాని తిప్పలే కాదులే. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు 'మస్ట్', 'షుడ్', 'మే' అంటే ఏమిటో 1997లోనే ఆర్ఎఫ్‌సీ 2119 అనే పత్రంలో నిర్వచించుకున్నారు. అయినా చిన్న అక్షరాల్లో రాసిన 'మస్ట్' సంగతేమిటన్న గందరగోళం పోలేదు. క్యాపిటల్స్‌లో రాస్తేనే ఆ ప్రత్యేక అర్థమని ఆర్ఎఫ్‌సీ 8174 తేల్చేసరికి 2017 వచ్చింది. కచ్చితంగా రాయడమే వృత్తి అయినవాళ్ళకే ఇరవై ఏళ్ళు పట్టింది.

మన వాక్యాల్లో కర్త ఎగిరిపోతుంటాడు. "మార్చాక ఆగిపోయింది" అంటే మనకి చాలు. అదే అలవాటు ఇంగ్లీషులోకి తీసుకెళ్ళి ప్రతిదానికీ 'ఇట్' అని రాశావు. మూడో పేరాలో నాలుగు 'ఇట్'లున్నాయి, ఏది ఫాంటో ఏది యాపో నాకే తెలియలేదు. పేరే మళ్ళీ రాయి, చెవికి బాగోకపోయినా పర్లేదు.

నిజంగానే నోటికొచ్చినట్టు మాట్లాడేవాళ్ళు తగిలితే? లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ మెయిళ్ళ ఘాటు గురించి వినే ఉంటావు. 2018 సెప్టెంబరులో ఆయనే క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. అంత పెద్దవాడి తీరునే తప్పుపట్టిన లోకమిది, కాబట్టి నువ్వు పడి ఉండక్కర్లేదు. ముందు ఒక్క ప్రశ్న అడుగు: "ఏ వాక్యం దగ్గర ఆగిపోయారు?" చూపిస్తే దిద్దు. చూపించకుండా ఇంకో చురక వేస్తే జవాబివ్వకు, అక్కడ నీకు పనేమీ లేదు. రేపు నువ్వు ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాం చదివి తప్పొప్పులు చెప్పేటప్పుడు, అదే కోడ్ రివ్యూ చేసేటప్పుడు కూడా "నాట్ క్లియర్" అని వదిలేయకు. ఇక్కడి దాకా అర్థమైంది, ఈ లైనులో ఈ రెండిట్లో ఏదో తెలియలేదు అని రాయి.

ఇప్పుడు ఆ నాలుగు పేరాలూ తీసేయకు, జనం ఇప్పటికే చదివారు. కిందనే "వివరాలు సరిపోలేదు, ఇవిగో" అని ఒక్క లైను రాసి కొత్త రిపోర్టు పెట్టు. సంజాయిషీలూ, రెస్పెక్టెడ్ సర్లూ వద్దు. పెట్టేముందు మీ అమ్మకి చదివి వినిపించు. ఆవిడకి ఫాంటంటే ఏమిటో తెలియకపోయినా, ఎక్కడ "అంటే?" అని అడిగితే అక్కడ ఒక ముక్క తగ్గిందన్నమాట. ఆదివారం సాయంత్రం దాకా జవాబు రాకపోతే ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మావయ్య