ఐఎంసీడీ ఎవరిది? మూతపడిన మాతృసంస్థ, నిలిచిన పంపిణీ వ్యాపారం

రసాయనాలు, మందుల ముడిసరుకులు పంపిణీ చేసే డచ్ సంస్థ ఐఎంసీడీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిందని రాశారు. సంస్థ చరిత్ర ఏమిటి, దాని మాతృసంస్థ ఏది, అది ఆర్థికంగా గట్టిదేనా అని అడిగారు. ముందు చివరి ప్రశ్నకే జవాబిస్తాను. ఐఎంసీడీని కన్న సంస్థ 2015లో దివాలా తీసింది. కంగారు పడకండి. అప్పటికి పద్నాలుగేళ్ల ముందే కూతురు ఆ ఇల్లు విడిచిపెట్టింది. ఈ రోజు ఐఎంసీడీకి పైన ఏ మాతృసంస్థా లేదు. అది ఆమ్‌స్టర్‌డామ్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన స్వతంత్ర సంస్థ.

నేను ఆ సంస్థలో ఎప్పుడూ పనిచేయలేదు. హైదరాబాద్ శివార్లలో మాత్రలు తయారుచేసే కంపెనీలో మొదట ఫార్ములేషన్ విభాగంలో (మాత్రలో ఏమేం, ఎంతెంత కలపాలో తేల్చే పని), తర్వాత కొనుగోళ్ల విభాగంలో పనిచేశాను. కాబట్టి ఇలాంటి డిస్ట్రిబ్యూటర్లను బల్లకు ఇవతలి వైపు నుంచి చూసినవాణ్ణి. వాళ్ల పేర్ల వెనుక ఉన్న కథ వెతకడం నాకున్న పాత జబ్బు.

ఐఎంసీడీ అసలు పేరు ఇంటర్నేషియో ముల్లర్ కెమికల్ డిస్ట్రిబ్యూషన్. మొదటి రెండు మాటలూ రెండు పాత వ్యాపార సంస్థల పేర్లు. సంస్థ తన గురించి చెప్పుకునేటప్పుడు కథ 1995లో మొదలవుతుంది. నా దృష్టిలో అసలు కథ అంతకు నూటముప్పై ఏళ్ల ముందుది, అందులో అంత అందంగా లేని పేజీలూ ఉన్నాయి.

ఇంటర్నేషియో 1863లో రాటర్‌డామ్‌లో పుట్టింది. అప్పులివ్వడం, వాణిజ్యం రెండూ చేసే సంఘంగా దాన్ని స్థాపించారు. పని అంతా డచ్ ఈస్టిండీస్‌తో, అంటే నేటి ఇండోనేషియాతో. యూరప్ సరుకు అక్కడికి, అక్కడి చక్కెర, కాఫీ వంటివి యూరప్‌కు. ఆ వలస దేశపు వాణిజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్న అయిదు పెద్ద డచ్ సంస్థల్లో అదొకటి. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి, ఇద్దరికీ తెలియని సంగతులు తాను తెలుసుకుని బతకడం ఆ సంస్థ విద్య. సరుకు మారింది గానీ, ఈ విద్యే తర్వాతి తరాలకు అందిందని నేననుకుంటాను.

సురబయ నగరంలో ఎర్ర వంతెన పక్కన ఇంటర్నేషియో భవనం ఇప్పటికీ ఉంది. ఇండోనేషియా చరిత్ర చదివినవాళ్లకు ఆ భవనం మరో కారణానికి గుర్తు. జపాన్ లొంగిపోయాక 1945 అక్టోబరులో బ్రిటిష్ వారు 49వ ఇండియన్ పదాతి బ్రిగేడ్‌ను అక్కడ దించారు. భారతీయ సైనికుల దళం ఒకటి ఆ భవనంలో మకాం వేసింది. అక్టోబరు 30న దాని ఎదుటే బ్రిగేడ్ అధిపతి మాలబీ హతుడయ్యాడు. దాని వెంటే నవంబరు 10న మొదలైన సురబయ యుద్ధాన్ని ఇండోనేషియా నేటికీ వీరుల దినంగా జరుపుకుంటుంది. ఎవరి స్వాతంత్ర్యమో, ఎవరి భవనమో, కాపలా మాత్రం మనవాళ్లది! ఇది మీ ఇంటర్వ్యూకి పనికిరాదు గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

పశ్చిమ న్యూగినీ ఎవరిదన్న విషయంలో డచ్ వారితో వివాదం ముదిరి, 1957 డిసెంబరులో ఇండోనేషియాలోని డచ్ సంస్థలను అక్కడి వారు స్వాధీనం చేసుకున్నారు. మరుసటి ఏడాది చట్టం చేసి జాతీయం చేశారు. దాదాపు శతాబ్దం పాటు నడిచిన బజారు చేజారింది. ఇక ఇంటర్నేషియో యూరప్‌లోనే కొత్త వ్యాపారాలు వెతుక్కోవలసి వచ్చింది.

ముల్లర్ కథ వేరు. విల్‌హెల్మ్ ముల్లర్ అనే జర్మన్ 1876లో మొదలుపెట్టిన సంస్థ అది. ఇనుప ఖనిజం, ఓడల రవాణా దాని బలం. రాటర్‌డామ్, లండన్ల మధ్య తిరిగే బటావియర్ ఓడల సర్వీసు 1895లో దాని చేతికి వచ్చింది. విల్‌హెల్మ్ చనిపోయాక అల్లుడు ఆంటన్ క్రోలర్ పగ్గాలు పట్టాడు. ఆంటన్ భార్య, అంటే విల్‌హెల్మ్ కూతురు హెలెన్, ఆ డబ్బుతో చిత్రాలు కొనడం మొదలుపెట్టింది. డచ్ చిత్రకారుడు వాన్ గో పేరు ఇంకా అంతగా మోగని రోజుల్లోనే ఆయన చిత్రాలను వరుసగా కొన్నది. ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాక, 1935లో ఆ సేకరణను డచ్ ప్రభుత్వానికి అప్పగించారు. 1938లో ఓటర్లో గ్రామం దగ్గర అడవిలో క్రోలర్ ముల్లర్ మ్యూజియం తెరిచారు. వాన్ గో చిత్రాల విషయంలో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం తర్వాత ప్రపంచంలో ఇదే పెద్దది. ఒక వ్యాపార సంస్థ ఖాతా పుస్తకాల నుంచి లోకానికి మిగిలిన మేలైన ఆస్తి ఇదేనని నా అభిప్రాయం.

ఈ రెండూ 1970లో కలిసి ఇంటర్నేషియో ముల్లర్ అయ్యాయి. ఇలాంటి పాత సంస్థలు అన్నిట్లోనూ వేలు పెడతాయి. దీనికీ రేవు పనులు, విద్యుత్, సాంకేతిక పనులు, రసాయనాలు ఇలా చాలా ఉండేవి. వేర్వేరు చోట్ల ఉన్న రసాయనాల పంపిణీ సంస్థలను 1995లో ఒక గొడుగు కిందికి తెచ్చారు. అదే ఐఎంసీడీ. అప్పుడు సారథిగా వచ్చిన పీట్ వాన్ డెర్ స్లిక్కె 2023 చివరి వరకూ ఆ కుర్చీలోనే ఉన్నాడు. యజమానులు ఎన్నిసార్లు మారినా మనిషి మారలేదన్నది గమనించదగ్గ సంగతి.

2001లో మాతృసంస్థ ఒక తేల్చుడు నిర్ణయం తీసుకుంది. భవిష్యత్తు సాంకేతిక సేవల్లో ఉందని నమ్మి, రసాయనాల పంపిణీని ఆల్ప్‌ఇన్వెస్ట్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేసి, తన పేరు ఇమ్‌టెక్ అని మార్చుకుంది. భవనాల విద్యుత్, శీతలీకరణ, ఆటోమేషన్ పనులు దాని కొత్త లోకం. కొన్నేళ్లు బ్రహ్మాండంగా పెరిగింది. 2013 ఆరంభంలో జర్మనీ, పోలండ్ ప్రాజెక్టుల లెక్కల్లో అవకతవకలు బయటపడ్డాయి. వాటిలో వార్సా దగ్గర కడతామన్న ఒక వినోద నగరం కూడా ఉంది, అది కట్టనే లేదు. వాటాదారుల నుంచి ఆ ఏడాది 50 కోట్ల యూరోలు, మరుసటి ఏడాది 60 కోట్ల యూరోలు తెచ్చి పోసినా నిలవలేదు. 2015 ఆగస్టు 13న ఇమ్‌టెక్ దివాలా తీసింది.

ఐఎంసీడీ అదే కాలంలో చేతులు మారుతూ వచ్చింది. ఆల్ప్‌ఇన్వెస్ట్ నుంచి 2005లో ఏబీఎన్ ఆమ్రో క్యాపిటల్‌కు, 2011లో బెయిన్ క్యాపిటల్‌కు. 2014 జూన్‌లో షేరు 21 యూరోల చొప్పున మార్కెట్‌కు వచ్చింది. ఆ సంవత్సరం అమ్మకాలు 136 కోట్ల యూరోల దరిదాపుల్లో ఉంటే, 2022 నాటికి 460 కోట్లయ్యాయి. ఇందులో చాలా భాగం ఊరూరా ఉన్న చిన్న పంపిణీ సంస్థలను కొంటూ పోవడం వల్ల వచ్చిన పెరుగుదల. ఇది చూసి కొందరు ముక్కు విరుస్తారు. నేనైతే విరవను. ఈ వ్యాపారంలో ఆస్తి అంటే స్థానిక కస్టమర్లతో పరిచయం, దాన్ని కొత్తగా పెంచుకోవడం కంటే కొనుక్కోవడమే తేలిక.

మరి పెద్ద ప్రాజెక్టులు పట్టిన తల్లి కూలిపోయి, బస్తాలు అమ్ముకునే కూతురు ఎందుకు నిలిచింది? ఇక్కడ నా అనుభవం కొంత పనికొస్తుంది.

మాత్రలో మందు ఒక్కటే ఉండదు. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, లాక్టోజ్, క్రాస్‌కార్మెలోజ్, మెగ్నీషియం స్టియరేట్ లాంటి ఎక్సిపియెంట్లు, అంటే మందు కాని సహాయక పదార్థాలు కూడా ఉంటాయి. ఒక్కోటి ఒక్కో దేశంలో తయారవుతుంది. తయారీదారుకు మన ఆర్డరు చాలా చిన్నది. ఆరు నెలలకు కొన్ని బస్తాలు కొనే కంపెనీతో యూరప్‌లోని ఫ్యాక్టరీ నేరుగా మాట్లాడదు. ఆ ఫ్యాక్టరీని ఈ వ్యాపారంలో ప్రిన్సిపల్ అంటారు. దాని తరఫున సరుకు తెప్పించి, గోదాములో ఉంచి, అరకిలో శాంపిల్ నుంచి టన్నుల దాకా ఇచ్చేది డిస్ట్రిబ్యూటరు. సోడా, ఆమ్లాలు టాంకర్లలో అమ్మేవాళ్లకు ధరే ప్రధానం. ఎక్సిపియెంట్లలో ధర రెండో మాట. ఒక ఎక్సిపియెంటు ఫలానా గ్రేడు (రకం) వాడతామని మందు అనుమతికి దరఖాస్తు పెట్టాక దాన్ని మార్చాలంటే స్థిరత్వ పరీక్షలు, నియంత్రణ సంస్థలకు సమాచారం, నెలల తరబడి పని. కాబట్టి కస్టమరు సులువుగా వెళ్లిపోడు. అదీ అసలు కిటుకు.

నేరుగా చూసిన ఒక ఉదాహరణ. మా మాత్రలు పీడనం కింద పైపొర ఊడిపోతుండేవి, దాన్ని మేం క్యాపింగ్ అంటాం. ఒక డిస్ట్రిబ్యూటరు పంపిన సాంకేతిక ప్రతినిధి మా కాగితాలు చూసి, ముందు బైండరు (పొడిని అతికించి ఉంచే పదార్థం) మార్చమని అనలేదు. స్టియరేటు వేశాక ఎంతసేపు కలుపుతున్నారని అడిగాడు. అది ఎక్కువసేపు కలిస్తే పొడి రేణువుల మీద పూతలా పరుచుకుని, వాటిని అతుక్కోనివ్వదు. కలిపే సమయం తగ్గించాం, సమస్య చాలావరకు సర్దుకుంది. ఆయన ఆ రోజు ఏమీ అమ్మలేదు. తర్వాత మా కొత్త మందులకు గ్రేడు ఎంచుకోవలసి వచ్చినప్పుడల్లా మొదటి ఫోను మాత్రం ఆయనకే వెళ్లేది. ఫార్ములేషన్ ల్యాబులు పెట్టి, ఫార్మసీ, కెమిస్ట్రీ చదివినవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవడం వెనుక లెక్క ఇదే.

దీనికి రెండో ముఖమూ చూశాను. ఇంకో చిన్న డిస్ట్రిబ్యూటరు బస్తాల మీద తయారీదారు సీలు లేకుండా, తన లేబులు అంటించి పంపాడు. మా నాణ్యత విభాగం ఆ లోడును గేటు దగ్గరే ఆపింది. చాదస్తం కాదు. 1996లో హైతీలో విషపూరిత డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన గ్లిజరిన్‌తో చేసిన జ్వర సిరపులు తాగి 80 మందికి పైగా పిల్లలు చనిపోయారు. చైనాలో బయలుదేరిన ఆ సరుకు యూరప్ వ్యాపారుల చేతుల మీదుగా వెళ్లింది. దారిలో ఎక్కడి నుంచి వచ్చిందన్న ఆనవాలు పోయింది, పత్రాలు మాత్రం చక్కగా ఉన్నాయి. మధ్యవర్తి విలువ తెలియాలంటే, మధ్యవర్తి తప్పు చేస్తే ఏమవుతుందో చూడాలి.

ఆస్తుల విషయంలోనూ ఐఎంసీడీ దారి ప్రత్యేకం. గోదాములు, లారీలు చాలావరకు బయటి సంస్థలవి, తనవి మనుషులూ ల్యాబులూ. జర్మనీకి చెందిన మరో రసాయనాల పంపిణీ సంస్థ బ్రెంటాగ్ అలా కాదు. సొంత గోదాములు, టాంకులతో పెద్ద ఎత్తున నడుపుతుంది. 1874లో బెర్లిన్‌లో కోడిగుడ్ల టోకు వ్యాపారంగా మొదలైందట ఆ సంస్థ!

మన దేశానికి వస్తే, 2020లో ఐఎంసీడీ ముంబయికి చెందిన సిగ్నెట్ ఎక్సిపియెంట్స్‌లో 70 శాతం వాటా తీసుకుంది, మిగతాది తర్వాతి దశలో తీసుకునేలా ఒప్పందం చేసుకుంది. హైదరాబాద్ మందుల కంపెనీల్లో ఫార్ములేషన్ పనిచేసేవాళ్లకు సిగ్నెట్ పేరు కొత్త కాదు. కాబట్టి మీరు వెళ్లేది ఫార్మా విభాగమైతే, మీ కస్టమర్లలో చాలామంది జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల చుట్టుపక్కలే ఉండే అవకాశం ఎక్కువ.

ఇంటర్వ్యూలో మాతృసంస్థ బలం గురించి అడగకండి, నవ్వుతారు. మీకు అప్పగించే ప్రిన్సిపల్స్ ఎవరు, ఈ ప్రాంతంలో వారి సరుకు అమ్మే హక్కు మీకొక్కరికేనా, మీరు శాంపిల్ మీద పరీక్షలు చేయించాలంటే ల్యాబు ఎక్కడుంది అని అడగండి. ఒక పెద్ద ప్రిన్సిపల్ ఒప్పందం రద్దు చేసుకుని నేరుగా అమ్మడం మొదలుపెడితే ఆ విభాగం మనుషులను ఏం చేస్తారన్నది కూడా అడగండి. డిస్ట్రిబ్యూటరు దగ్గర ఉద్యోగానికి ముప్పు సాధారణంగా ఆ వైపు నుంచే వస్తుంది.